గ్లాసులో గీత

మా పెరట్లోకి రైలు వస్తుందని చెబితే కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. అది పక్కింటి క్లెమ్ టెనిక్ పెరట్లో బయలుదేరుతుంది. కంచెలో కోసిన కంతలోంచి మా వైపు దూరి, పుల్లటి కాడల కోసం నేను పెంచుకునే రూబార్బ్ మడి మీదుగా పెద్ద వంపు తిరిగి, మళ్లీ ఆ కంచెలోంచే వెనక్కి పోతుంది. నడుమెత్తు గుంజల మీద పరిచిన పట్టాలు, వాటి మీద మూరెడు పొడవు ఇంజను. బొగ్గు నిజం, నీళ్లు నిజం, ఆవిరి నిజం. పాతికేళ్లు దాటింది, మా ఇంటి దుప్పట్లకు ఆవిరి నూనె వాసన వదలదు.

ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు. ఆవిరి ఇంజను ఇరుకు వంపులు తిరగదు. దానికి కావలసిన వంపుకి క్లెమ్ పెరడు ఆరడుగులు తక్కువైంది. అతను మా ఆయన జెరల్డ్‌ను పబ్బుకు తీసుకుపోయి, రెండు బీర్లు తాగించి ఒప్పించాడు. జెరల్డ్ ఇంటికొచ్చి నాకు చెప్పేలోపే కంచెకు రంపం పడింది. జెరల్డ్ పోయి చాలా ఏళ్లయింది. ఆ పట్టాలు పీకించే హక్కు నాకుందని క్లెమ్‌కి ఏడాదికి రెండుసార్లు గుర్తుచేస్తుంటాను. పీకించనని అతనికీ తెలుసు.

క్లెమ్ ముప్పైఅయిదేళ్లు బస్సు తోలాడు. డార్లింగ్టన్ నుంచి బిషప్ ఆక్లండ్‌కి, అక్కణ్నుంచి మళ్లీ డార్లింగ్టన్‌కి. కాపురం బస్సుతో, మనసు రైలుతో అని ఊళ్లో ఎగతాళి చేసేవారు. మనిషి పొడుగు, మాట పొదుపు, చేతులు మాత్రం బంగారం. రాగిరేకు తెచ్చి, తనే వంచి, తనే వెండి టంకంతో అతికించి, వంటింటి బల్ల మీద పదకొండేళ్లు కూర్చుని ఆ ఇంజను తయారుచేశాడు. దానికి ప్రూడెన్స్ అని పేరు పెట్టాడు. భార్య పేరు పెట్టొచ్చు కదా అని ఎవరో అంటే అతని భార్య మురియెల్ దండం పెట్టింది. పొద్దస్తమానం "మురియెల్ కారుతోంది, మురియెల్ కక్కుతోంది" అని వీధంతా వినే గతి తనకు తప్పిందంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలు. ముందు కీళ్లన్నిటికీ నూనె. తర్వాత బాయిలర్‌లో వాననీళ్లు, ఎందుకంటే కుళాయి నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది. కిరసనాయిల్లో నానబెట్టిన కట్టెబొగ్గు అంటించి, గాలి లాగడానికి పొగగొట్టం మీద ఒక చిన్న ఫ్యాను పెడతాడు. ప్రెజర్ ముల్లు లేచాక, ఆవాల చెంచా అంత పారతో అసలు బొగ్గు వేస్తాడు. నాలుగు చుట్లకోసారి షెడ్డు దగ్గర ఆపి నిప్పు చూడాలి, నీళ్లు చూడాలి. ఇంజను వెనక అగ్గిపుల్లంత గాజుగొట్టం ఉంటుంది. దాన్నే వీళ్లు గ్లాసు అంటారు. బాయిలర్‌లో నీళ్లెంతవరకు ఉన్నాయో ఆ గ్లాసులో గీత చెబుతుంది. గీత కిందికి దిగితే పంపు కొట్టి నీళ్లెక్కించాలి.

గీత అసలు కనపడకపోతే? అక్కడే ఉంది తిరకాసు. గొట్టం నిండా నీళ్లున్నా గీత ఉండదు, చుక్క లేకపోయినా ఉండదు. నిండు గ్లాసూ ఖాళీ గ్లాసూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. అనుమానం వస్తే కింద ఉన్న చిన్న కుళాయి తిప్పి చూసుకోవాలి. ఇదంతా వినీ వినీ నాకే కంఠతా వచ్చేసింది.

ఇక హార్లండ్ స్టాబ్స్. మా ఊరి చిన్న ఇంజన్లవాళ్ల క్లబ్బులో అందరి బాయిలర్లూ పరీక్ష చేసి, వెలిగించొచ్చని ఏటా కాగితం రాసిచ్చేది అతనే. కుర్రతనంలో పెద్ద ఇంజన్ల మీద తొమ్మిదేళ్లు ఫైర్‌మన్‌గా బొగ్గు వేశాడు. డ్రైవరయ్యే వేళకు ఆవిరి ఇంజన్లే పోయాయి. మిగతా సర్వీసంతా డీజిల్ బండ్లు తోలి, ఆ కోపం ఇప్పటికీ మీసంలో పెట్టుకుని తిరుగుతుంటాడు. స్నేహం స్నేహమే, బాయిలర్ బాయిలరే అనే మనిషి. ఒకసారి సొంత బావమరిది ఇంజనుకే కాగితం ఇవ్వలేదు. క్లెమ్‌కీ అతనికీ ముప్పయ్యేళ్ల స్నేహం. కలిస్తే ఒకర్నొకరు ఆడిపోసుకోవడం, కలవకపోతే ఇద్దరికీ తోచకపోవడం.

నాలుగేళ్ల కిందట, మే నెలలో ఒక ఆదివారం. నేను పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నాను. ఉన్నట్టుండి వాసన మారింది. ఆవిరి నూనెది తియ్యటి వాసన. ఇది రంగు మాడుతున్న కమురు వాసన. తిరిగి చూస్తే ప్రూడెన్స్ నా రూబార్బ్ వంపులో ఈడ్చుకుంటూ వస్తోంది. పొగగొట్టం దగ్గర రంగు బుడగలు లేస్తోంది. వెనకాలే క్లెమ్ తల వాల్చి, చెవి ఒగ్గి నడిచి వస్తున్నాడు. నాకు కంగారు పుట్టి, మొక్కలకు పెట్టుకున్న చెంబెడు నీళ్లు తీసుకుని పరిగెత్తాను.

"నీళ్లు పోయకు నోరా. దగ్గరికి రాకు" అని నా పేరు పెట్టి అరిచాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కాలిన బాయిలర్‌కి చల్లనీళ్లు తగిలితే పగిలిపోతుందని అప్పుడు గుర్తొచ్చి, చెంబు నా కాళ్ల మీదే పోసుకున్నాను. అతను ఇంజను కింద చెయ్యి పెట్టి, తడిమి, నిప్పు పళ్లేన్ని పట్టి ఉంచే మేకు లాగాడు. నిప్పంతా కణకణలాడుతూ నా మడిలో పడింది. ఆ ఏడు మా ఇంట్లో రూబార్బ్ వండుకున్నది లేదు.

బాయిలర్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. గ్లాసు నిండా ఉందనుకున్నానని అన్నాడు చివరికి. అప్పుడు గమనించాను. అతను నా మొహంలోకి చూడట్లేదు, నా చెవివైపు చూస్తున్నాడు. ఏడాదిగా అంతే. ఈ మనిషికి ఈ మధ్య పొగరెక్కింది, మొహం చూసి మాట్లాడడని నేను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. ఎంత మొద్దుని.

అడిగితే చెప్పాడు. రెండేళ్లుగా కంటి నడుమ మసక మచ్చ. పక్క చూపుతో అంచులు తెలుస్తాయి. సూటిగా చూస్తే చూసినదే మాయమవుతుంది. పూర్తి చీకటి కాదు కానీ, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు అన్నాడట. ఇన్నాళ్లూ గ్లాసును ఊహ మీద, పంపు ఎన్నిసార్లు కొట్టానన్న లెక్క మీద నడిపాడు. ఆ రోజు లెక్క తప్పింది.

"మురియెల్‌కి చెప్పకు. స్టాబ్స్‌కి అస్సలు చెప్పకు. వాడికి తెలిస్తే కాగితం ఇవ్వడు. కాగితం లేకుండా నేను వెలిగించను."

సొంత పెరట్లో వెలిగించుకుంటే అడిగేవాళ్లెవరూ లేరు. ఆ మాటే అన్నాను. ఆదివారం పూట క్లబ్బువాళ్లు వస్తారు, పిల్లలొస్తారు, బాయిలర్ అంటే బాయిలరే అన్నాడు. ప్రూడెన్స్ లేకపోతే ఆ మనిషికి ఏం మిగులుతుందో నాకు తెలుసు. మాట రానివాడు కాదు, మాటంటే ఇష్టం లేనివాడు. నవ్వినా కోపమొచ్చినా ఆ ఇంజను దగ్గరే. అందుకే చెప్పనని మాటిచ్చాను. తప్పు చేస్తున్నానని తెలిసే ఇచ్చాను.

వింతేమిటంటే, స్టాబ్స్‌ను పిలిచింది క్లెమే. నీళ్లింకిన బాయిలర్‌ను పరీక్ష చెయ్యకుండా మళ్లీ వెలిగించకూడదన్నది వీళ్ల నియమం. కళ్ల గురించి అబద్ధమాడగలడు కానీ బాయిలర్ గురించి ఆడలేడు. లోపల ఫోను మోగితే వెళ్లాను, వచ్చేసరికి ఇంకిపోయింది అని మాత్రం చెప్పాడట. జూన్ మొదట్లో స్టాబ్స్ తన పంపూ పెద్ద ప్రెజర్ మీటరూ కాగితాల పుస్తకమూ పట్టుకుని వచ్చాడు. మురియెల్ టీ, అల్లం కేకు తెచ్చి షెడ్డు ముందు బల్ల మీద పెట్టింది. నేను నా కంచె దాటి వచ్చి కూర్చున్నాను.

పరీక్షకి బాయిలర్‌ను చల్లనీళ్లతో నింపుతారు. గాలి బుడగ కూడా మిగలకుండా, అంచుదాకా. స్టాబ్స్ నింపాడు. బిగించాడు. చేతులు తుడుచుకుంటూ, టీ ఎలా ఉందని అడిగినంత మామూలుగా అడిగాడు.

"గ్లాసు ఎంతుంది క్లెమ్?"

క్లెమ్ వంగాడు. తల పక్కకు తిప్పి చూశాడు.

"సగం దాటింది" అన్నాడు.

స్టాబ్స్ పంపు కొట్టడం మొదలుపెట్టాడు. ముల్లు మామూలు ఒత్తిడి దాటి, దాని రెట్టింపు దాకా వెళ్లి ఆగింది. పావుగంట నలుగురం ఆ ముల్లునే చూశాం. ముగ్గురం చూశాం అనాలి. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు, ఎక్కడా చుక్క కారలేదు. స్టాబ్స్ ఒత్తిడి వదిలేసి, పుస్తకం తెరిచి, కలం తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"బాయిలర్‌కి ఏమీ కాలేదు. ఇంత గట్టి పని నేను చూడలేదు. దానికి కాగితం ఇస్తాను. నీకివ్వలేను."

ఏమిటా మాట అంది మురియెల్. గ్లాసు అంచుదాకా నిండి ఉంటే సగం అన్నాడని స్టాబ్స్ నెమ్మదిగా చెప్పాడు. క్లెమ్ నావైపు తిరిగి ఎవరు చెప్పారని అడిగాడు. నెల రోజులుగా నోరు కుట్టేసుకుని తిరుగుతున్నాను, నన్ననకు అన్నాను. అయితే నీకు ముందే తెలుసా అని మురియెల్ అందుకుంది. నా పని మద్దెల పనయింది, రెండు వైపులా వాయింపు. వాయించి వాయించి చివరికి మురియెల్ మొగుడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. రెండేళ్లా క్లెమ్, రెండేళ్లు నా దగ్గర దాచావా అంటుంటే నేను కేకువైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు స్టాబ్స్ ఒక సంగతి చెప్పాడు. ముప్పయ్యేళ్లలో ఎప్పుడూ చెప్పనిది. అతను ఫైర్‌మన్‌గా ఉన్న రోజుల్లో ఏమస్ వేర్‌మౌత్ అనే డ్రైవరుండేవాడట. అంత చక్కగా బండి నడిపేవాడు ఆ లైనులోనే లేడట. చూపు మందగించింది. బయటపడితే ఇంజను మీంచి దింపేస్తారు. అందుకని స్టాబ్స్ తన వైపునుంచి తల బయటపెట్టి, సిగ్నల్ కనపడగానే పడిందో లేచిందో అరిచి చెప్పేవాడు. ఏమస్ దాన్నిబట్టి తోలేవాడు. రెండేళ్లు అలా నడిచిందట.

"పెద్ద ఇంజను మీద ఎప్పుడూ ఇద్దరే ఉంటార్రా. ఒక్కడే తోలి, ఒక్కడే బొగ్గేసి, ఒక్కడే నీళ్లు చూసుకోవడం మన బొమ్మల దగ్గరే. నువ్వు తోలు. గ్లాసు నేను చూస్తాను. అలాగైతే కాగితం రాస్తాను."

క్లెమ్ లేచాడు. నా పెరట్లో నాకు ఆయా అక్కర్లేదన్నాడు. ప్రూడెన్స్ మీద పాత దుప్పటి కప్పి, షెడ్డుకు తాళం వేసి, ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆరు ఆదివారాలు గడిచాయి. నా దుప్పట్లకు సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. పాతికేళ్లు నేను కోరుకున్నది అదే కదా. మూడో ఆదివారం దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని ఏడ్చాను, ఒప్పుకుంటున్నాను. క్లెమ్ గడ్డం గీసుకోవడం మానేశాడు. మురియెల్ పలకరిస్తే ఊఁ అంటాడు, నేను పలకరిస్తే అదీ లేదు. స్టాబ్స్ మాత్రం ప్రతి ఆదివారం రెండింటికి వచ్చాడు. షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని, మురియెల్ ఇచ్చిన టీ తాగి, నాలుగింటికి లేచి పోయేవాడు. లోపలికి రమ్మంటే రాడు, క్లెమ్‌ను బయటికి రమ్మనడు. ఈ ముసలాళ్ల పంతాలు చూస్తుంటే ఇద్దరి నెత్తీ బాదాలనిపించేది.

ఏడో ఆదివారం వాళ్ల వంటింటి కిటికీ తెరిచి ఉంది. నేను కంచె దగ్గర కలుపు తీస్తున్నాను. అక్కడ కలుపు లేదు, అయినా తీస్తున్నాను. మురియెల్ పెళ్లికి ముందూ తర్వాతా కలిపి పన్నెండేళ్లు క్లెమ్ బస్సులోనే కండక్టరుగా పనిచేసింది. వాళ్ల పరిచయమే అక్కడ. ఆ రోజు ఆ సంగతే ఎత్తింది.

"వెనక ఎవరెక్కారో ఎవరు దిగారో నీకేం కనపడేది? నేను రెండుసార్లు గంట కొడితే బండి కదిలించేవాడివి. ఒక్కరోజైనా దిగొచ్చి, ఇది సరిగ్గా చూసిందా లేదా అని చూసుకున్నావా?"

అది వేరు, నువ్వు వేరు అన్నాడు క్లెమ్.

"నేను వేరే, కాదన్లేదు. ఆ బెంచీ మీద కూర్చున్నవాడి మాట నమ్మి ఇన్నేళ్లు మరిగే బాయిలర్ పక్కన నిలబడ్డావు. నన్ను కూడా నిలబెట్టావు. వాడు బాగుందంటే బాగున్నట్టే అన్నావు. మరి ఇవాళ వాడు గ్లాసు సగం అంటే సగం ఎందుకు కాదు?"

తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు, గడ్డం గీసుకుంటున్న చప్పుడు. రెండు దాటి ఇరవై నిమిషాలకు క్లెమ్ తాళంచెవి పట్టుకుని బయటికొచ్చాడు. స్టాబ్స్ వైపు తిరగకుండానే, నూనె డబ్బా నీ పక్కనే ఉంది, ఇలా ఇయ్యి అన్నాడు. స్టాబ్స్ ఇచ్చాడు. రాజీ అంటే వాళ్లకు అంతే.

కట్టెబొగ్గు అంటుకుంది, ముల్లు లేచింది. స్టాబ్స్ వంగి గ్లాసు చూసి, సగానికి వేలెడు పైన అన్నాడు. వేలెడెక్కడ ఉందిరా అందులో, మొత్తం గొట్టమే వేలెడు లేదు అన్నాడు క్లెమ్. నాకు ప్రాణం లేచొచ్చింది. అతను బండిని కదిలించే మీట మీద చెయ్యి వేశాడు కానీ తిప్పలేదు.

"మీ ఏమస్ చివరికి ఏమయ్యాడు?" అని అడిగాడు.

స్టాబ్స్ బొగ్గు పారను గుడ్డతో తుడిచాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

"మా చెల్లెలి పెళ్లికి ఒక్కరోజు సెలవు పెట్టాను. నా బదులు వచ్చిన కుర్రాడికి నేను సంగతి చెప్పలేదు. ఎవరికైనా చెప్పడానికి భయమేసింది. పడని సిగ్నల్ దాటి బండి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. సోమవారం నేను డ్యూటీకి వెళ్లేసరికి ఏమస్ షెడ్డులో బూడిద ఎత్తుతున్నాడు. నన్ను ఒక్క మాటా అనలేదు."

క్లెమ్ పక్కకు తల తిప్పి, తనకు కనపడే అంచుతో స్నేహితుణ్ని కాసేపు చూశాడు. మీట తిప్పాడు. ప్రూడెన్స్ రెండు తుమ్ములు తుమ్మి, కంచె కంతలోంచి నా వైపు వచ్చింది. ఆ సాయంత్రమే స్టాబ్స్ కాగితం రాశాడు. అందులో డ్రైవరు క్లెమ్ టెనిక్ అనీ, ఫైర్‌మన్ హెచ్. స్టాబ్స్ అనీ రాశాడు. క్లబ్బు పుస్తకంలో అలాంటి గళ్లే లేవు, గీత గీసి మరీ రాశాడు.

ఈ నాలుగేళ్లూ అలాగే నడుస్తోంది. క్లెమ్ చెవులతో తోలుతాడు. ఇంజను ఊపిరి విని బరువెంతో, ఎత్తెంతో చెబుతాడు. మునుపటికంటే ఇప్పుడే బాగా తోలుతున్నాడని స్టాబ్స్ నాతో అన్నాడు, అతనితో మాత్రం చచ్చినా అనడు.

మొన్న మార్చిలో స్టాబ్స్ మా ఇంటి తలుపు కొట్టాడు. వచ్చే నెల ఆదివారం నాడు అతని చెల్లెలి మనవరాలి పెళ్లి, కార్లైల్‌లో. వెళ్లక తప్పదట. మురియెల్ అయితే చచ్చినా రానంది, ఆదివారం ఆ రెండు గంటలే తనకు మొగుడి నుంచి సెలవట. అందుకని నువ్వు నేర్చుకోవాలి నోరా అన్నాడు. నాకు డెబ్భయ్యేళ్లొచ్చాయి, పాతికేళ్లు ఆ రైలును తిట్టినదాన్ని అన్నాను. తిట్టినవాళ్లకే బాగా తెలుస్తుందన్నాడు.

నాలుగు ఆదివారాలు నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. గీత ఎలా చూడాలో, గ్లాసు వెనక తెల్లకాగితం ఎలా పట్టుకోవాలో, అనుమానం వస్తే ఏ కుళాయి తిప్పాలో చెప్పాడు. తప్పు చెప్పినప్పుడల్లా బడిపంతులులా మళ్లీ మొదటికొచ్చాడు. చివరి రోజు కోటు వేసుకుంటూ ఒక్కటే చెప్పాడు.

"గీత కనపడకపోతే కనపడలేదని చెప్పు. ఊహించి మాత్రం చెప్పకు. వాడు నువ్వు చెప్పిందే నమ్ముతాడు."

పెళ్లి ఆదివారం చిన్న జల్లు పడుతోంది. క్లెమ్ నూనె పెట్టాడు, నేను నీళ్లు పోశాను. నిప్పు రాజుకుంది, ముల్లు లేచింది. నేను మోకాళ్ల మీద వంగి కాగితం పట్టి చూశాను. గీత కనపడలేదు. కళ్లజోడు తుడుచుకుని చూశాను, అయినా లేదు. కనపడట్లేదు క్లెమ్, ఆగు అన్నాను. అతను ఆగాడు. విసుక్కోలేదు, తొందరపెట్టలేదు. కింది కుళాయి తిప్పాను. నీళ్లు చిమ్మాయి, గీత దిగి గ్లాసు నడుమ నిలబడింది.

"సగం" అన్నాను.

అతను నావైపు చూడను కూడా లేదు. మీట తిప్పాడు.